బీపీ మాత్రకీ పేగు క్యాన్సర్‌కీ ముడిపెట్టిన వార్త కనిపిస్తే ఏం చేయాలి

మొన్న సోమవారం పొద్దున షట్టర్ ఎత్తి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగిస్తుండగానే బాబాయ్ వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. సొంత బాబాయ్ కాదు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, పన్నెండేళ్ళుగా నా దగ్గరే మాత్రలు కొంటున్నాడు. ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "అబ్బాయ్, నేను వేసుకునే బీపీ మాత్ర పేగు క్యాన్సర్ రానివ్వదంట. మీ పిన్నికి కూడా రోజుకొకటి ఇచ్చేద్దామా?" అన్నాడు. పిన్నికి బీపీ లేదు.

అదే వారంలో శనివారం ఒకామె వచ్చింది. "అన్నా, బీపీ మాత్రల వల్ల క్యాన్సర్ వస్తుందంట కదా, పది రోజులైంది మానేసి" అంది. కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే 180/110 ఉంది. మళ్ళీ చూసినా అంతే. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి డాక్టర్ దగ్గరికి పంపాను.

ఒకే రకం మాత్ర. ఒకరికి అది దేవుడిచ్చిన కవచంలా కనిపించింది, ఇంకొకరికి విషంలా. ఇద్దరూ ఎవరో పంపిన నాలుగు ముక్కలు చదివే వచ్చారు. నేను నరసరావుపేటలో 26 ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. డాక్టర్ని కాను. అయితే మా అక్కకి మలాశయ క్యాన్సర్ వచ్చాక ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, చదవక తప్పలేదు. ఇలాంటి వార్త మీ ఫోన్‌లోకి వచ్చిన రోజు ఏ వరసలో ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పండి

వార్త సంగతి తర్వాత. మీ మాత్రల స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మనకి కావాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. దాని చివరి అక్షరాలు చూస్తే ఏ కుటుంబమో తెలిసిపోతుంది.

చివర 'సార్టన్' అని ఉంటే, అంటే టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మెసార్టన్, వల్సార్టన్, ఇవన్నీ ఒక కుటుంబం. 'ప్రిల్' అని ఉంటే, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, ఇంకో కుటుంబం. ఈ రెండూ దగ్గరి చుట్టాలు. మన ఒంట్లో యాంజియోటెన్సిన్ అనే పదార్థం రక్తనాళాలని బిగిస్తుంది. ప్రిల్ దాన్ని తయారుకానివ్వదు, సార్టన్ దాన్ని నాళం మీద పనిచేయనివ్వదు. ఇక 'డిపిన్' అని ముగిసేవి (ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్) వేరే దారిలో నాళాలని వదులు చేస్తాయి. 'లాల్' అని ముగిసేవి (అటెనొలాల్, మెటోప్రోలాల్) గుండె వేగాన్ని తగ్గిస్తాయి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ అనేవి నీరు మాత్రలు, ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపేస్తాయి. కంపెనీ పేరు పక్కన 'హెచ్' అని ఉంటే సాధారణంగా అందులో నీరు మాత్ర కూడా కలిసి ఉంటుంది. 'ఏఎం' అని ఉంటే ఆమ్లోడిపిన్ కలిసి ఉంటుంది. మా అక్క విషయంలో ఆ ఒక్క 'హెచ్' ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

ఇదంతా ఎందుకంటే, పేగు క్యాన్సర్‌తో ముడిపెట్టిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ప్రిల్, సార్టన్ కుటుంబాల మీద జరిగినవి. వార్త రాసేవాళ్ళు మాత్రం 'బీపీ మాత్ర' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే బీపీ మందుల్లో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ ముఖ్యమైనవి. మీరు వేసుకునేది ఆమ్లోడిపిన్ ఒక్కటే అయితే, సార్టన్ గురించి వచ్చిన వార్త మీ గురించి కాదు. మంచిదైనా, చెడ్డదైనా. ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఇంకో మాట. మాత్రలు కత్తిరించి వాడేటప్పుడు బ్యాచ్ నంబర్ ఉన్న చివరి ముక్కని ఆఖరి దాకా ఉంచుకోండి. ఎందుకో కింద వస్తుంది.

ఎవరి మీద చూశారు, ఎంతమంది మీద చూశారు

బాబాయ్ ఫోన్‌లో ఉన్న వార్తకి మూలం హాంకాంగ్ పరిశోధన. 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 2005 నుంచి 2013 మధ్య హాంకాంగ్‌లో కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుని, పేగులో క్యాన్సర్ లేదని తేలిన 1,87,897 మంది రికార్డులు తీసి చూశారు. వాళ్ళలో ముప్పై వేలకి పైగా మంది ప్రిల్ గానీ సార్టన్ గానీ వాడుతున్నవాళ్ళు. తర్వాతి మూడేళ్ళలో ఎవరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందో లెక్క కట్టారు. మాత్ర వాడినవాళ్ళలో ఆ ముప్పు 22 శాతం తక్కువగా కనబడింది.

22 శాతం అనగానే వంద మందిలో 22 మంది బతికిపోయారని అనుకుంటాం. బాబాయ్ కూడా అలాగే అనుకున్నాడు. కౌంటర్ మీద బిల్లు కాగితం తిప్పి ఆయనకి లెక్క వేసి చూపించాను. మొత్తం 1,87,897 మందిలో ఆ మూడేళ్ళలో క్యాన్సర్ బయటపడింది 854 మందికి. అంటే వెయ్యికి నలుగురు, ఐదుగురు. వెయ్యికి నాలుగున్నర అనుకుని అందులో 22 శాతం తీసేస్తే మూడున్నర. మూడేళ్ళలో, వెయ్యి మందిలో, ఒకరి తేడా. "వెయ్యి మంది ఎక్కితే ఒకడి టికెట్టా!" అన్నాడు బాబాయ్. అవును, అంతే.

ఇంకా రెండు సంగతులు ఆ వార్తలో లేవు. అందులో చూసినవాళ్ళంతా అప్పటికే కొలనోస్కోపీ చేయించుకుని బాగుందనిపించుకున్నవాళ్ళు. జన్మలో ఒక్కసారి కూడా ఆ పరీక్ష చేయించుకోని బాబాయ్‌కి ఆ లెక్క యథాతథంగా అతకదు. రెండోది, ఆ మేలు మొదటి మూడేళ్ళలోనే కనబడింది. తర్వాత బయటపడిన క్యాన్సర్ల విషయంలో తేడా లేదు.

అలాగని ఆ పరిశోధన చేసినవాళ్ళని తక్కువ చేయడం లేదు. వాళ్ళకి ఆ అనుమానం ఊరికే రాలేదు. 1998లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో బీపీ క్లినిక్‌లో 5,207 మంది రికార్డులు చూస్తే ప్రిల్ మందులు వాడినవాళ్ళలో క్యాన్సర్లు తక్కువగా కనబడ్డాయి. 2007లో ఆస్ట్రేలియాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన గడ్డల పెరుగుదలని క్యాప్టోప్రిల్ తగ్గించింది. గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, ఆ నాళాలు పుట్టడంలో యాంజియోటెన్సిన్‌కి కూడా చేయి ఉంది. కాబట్టి దారి ఉన్నట్టే ఉంది. ఎలుకలో కనబడిన దారి మనిషిలోనూ అదే గమ్యానికి చేరుస్తుందని ఇంకా రుజువు కాలేదు.

మాత్ర వల్లా, మాత్ర వేసుకునే మనిషి వల్లా?

వార్తలో "వాడినవారిలో తక్కువగా కనిపించింది" అని ఉందా, "కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు" అని ఉందా, వెతకండి. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 13,982 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల రికార్డులు చూశారు. మొదటి మూడు దశల్లో ఉన్నవాళ్ళే. ప్రిల్ మందులు గానీ నీరు మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళలో ఆ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు తక్కువ. క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్ళలో ఇంకాస్త తక్కువ. ఇది చదవగానే మాత్రదే మహిమ అనిపిస్తుంది.

ఇక్కడ ఒక పాత ప్రయోగం సంగతి చెప్పాలి. ఫార్మసీ చదివేటప్పుడు మా సారు ఒకరు చెప్పారు, ఇప్పటికీ మర్చిపోలేదు. అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్ళ మీద కొలెస్ట్రాల్ మందులని పరీక్షించారు. కొందరికి అసలు మందు, కొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర. 1980లో ఫలితాలు అచ్చయ్యాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలోనే, దాన్ని శ్రద్ధగా వేసుకున్నవాళ్ళలో ఐదేళ్ళలో చనిపోయినవాళ్ళు 15 శాతం. సరిగ్గా వేసుకోనివాళ్ళలో 28 శాతం. మాత్రలో ఏమీ లేదు! తేడా అంతా మనుషుల్లో ఉంది. మాత్ర మానకుండా వేసుకునే మనిషి వేళకి తింటాడు, కాస్త నడుస్తాడు, ఒంట్లో బాగోకపోతే వెంటనే చూపించుకుంటాడు. నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నదే. నెలనెలా అదే తేదీకి వచ్చి మాత్రలు తీసుకెళ్ళేవాళ్ళు వేరు, తలనొప్పి వచ్చినప్పుడే బీపీ గుర్తొచ్చేవాళ్ళు వేరు.

కాబట్టి రికార్డులు చూసి కట్టిన లెక్క ఒక అనుమానాన్ని లేవదీస్తుంది. దాన్ని తీర్చేది లాటరీ తీసినట్టు మనుషుల్ని రెండు గుంపులు చేసి పరీక్షించినప్పుడే. బీపీ మందుల మీద అలాంటి 33 పరీక్షల వివరాలని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ ఆధ్వర్యంలో ఒకచోట చేర్చి 2021లో లాన్సెట్ ఆంకాలజీ అనే క్యాన్సర్ వైద్య పత్రికలో అచ్చేశారు. 2,60,447 మంది మనుషులు, 15,012 క్యాన్సర్ కేసులు. పెద్దపేగు క్యాన్సర్‌ని విడిగా కూడా చూశారు. ఏ కుటుంబం మందూ క్యాన్సర్‌ని పెంచిందని గానీ తగ్గించిందని గానీ నిలకడైన ఆధారం దొరకలేదు. ఒక లోటు ఉంది: ఆ పరీక్షలు సగటున నాలుగేళ్ళ పైచిలుకే నడిచాయి. పేగులో చిన్న పాలిప్, అంటే లోపలి గోడ మీద పెరిగే కండ, క్యాన్సర్‌గా మారడానికి చాలాసార్లు పదేళ్ళు పడుతుంది. అందుకే ప్రశ్న పూర్తిగా మూసుకుపోలేదు. అయినా నన్నడిగితే, ఇప్పటికి మన దగ్గరున్న వాటిలో ఎక్కువ నమ్మాల్సింది దీన్నే.

అందుకే బాబాయ్‌కి చెప్పాను. పిన్నికి బీపీ లేదు కాబట్టి మాత్ర ఇవ్వకూడదు. ఇస్తే కళ్ళు తిరిగి బాత్రూమ్‌లో పడిపోయే ప్రమాదం ఈ నెలలోనే ఉంది. క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశ గాలిలో ఉంది.

భయపెట్టే వార్త వస్తే

భయపెట్టే వార్తలు కూడా ఇలాగే పుట్టాయి. 2010లో కొన్ని పరీక్షలని కలిపి చూసి, సార్టన్ వాడినవాళ్ళలో కొత్త క్యాన్సర్లు 7.2 శాతం, వాడనివాళ్ళలో 6 శాతం అన్నారు. పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 31 పరీక్షల్ని, సుమారు 1,56,000 మందిని తీసుకుని మళ్ళీ లెక్క కట్టింది. తేడా లేదని తేల్చింది. మొదటి వార్త ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది, రెండోది ఎవరూ పంపరు.

2018 సంగతి వేరు. ఆ ఏడాది జులైలో వల్సార్టన్ మాత్రల్ని చాలా దేశాల్లో వెనక్కి తీసుకున్నారు. చైనాలోని ఒక ఫ్యాక్టరీలో మందు తయారుచేసే పద్ధతి మార్చాక అందులో ఎన్‌డీఎంఏ అనే మలినం చేరింది. జంతువుల్లో క్యాన్సర్ తెచ్చే రసాయనం అది. తర్వాత మన దేశంలో తయారైన కొన్ని బ్యాచ్‌లు కూడా ఆ జాబితాలో చేరాయి. ఇక్కడ తప్పు మందుది కాదు, మందులో కలిసిన మలినానిది. కల్తీ నూనె పట్టుబడితే వంట మానేయం కదా, డబ్బా మారుస్తాం. డెన్మార్క్‌లో ఆ మాత్రలు వాడిన, వాడని 5,150 మంది వివరాలు చూస్తే, మొత్తం మీద క్యాన్సర్ ముప్పు చెప్పుకోదగ్గంత పెరిగినట్టు కనబడలేదు. చూసిన కాలం తక్కువే, ఐదేళ్ళ లోపు.

అలాంటి వార్త మళ్ళీ వస్తే మీరు చూడాల్సింది మూడు: మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్. అందుకే స్ట్రిప్ చివరి ముక్క దాచమన్నాను. బిల్లు అడిగి తీసుకోండి, దాని మీద కూడా బ్యాచ్ ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని షాపుకి రండి, మీ బ్యాచ్ అందులో ఉంటే అదే మందు వేరే కంపెనీది ఇప్పించుకోవచ్చు. ఈలోగా మాత్ర మాత్రం ఆపకండి. ఆ 180/110 ఆమె గురించి నాకున్న భయం క్యాన్సర్ కాదు, పక్షవాతం.

బీపీ మాత్రా పేగూ నిజంగా తగులుకునే చోట్లు

ఇక అసలు విషయం. క్యాన్సర్ వస్తుందా పోతుందా అన్న చర్చ అలా ఉంచితే, బీపీ మాత్రలకీ పేగుకీ నిజంగా పేచీ వచ్చే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వీటి గురించి ఎవరూ ఫార్వర్డ్‌లు పంపరు.

మీరు ఓల్మెసార్టన్ వాడుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి. వాడటం మొదలుపెట్టిన నెలలకో, ఏళ్ళకో కొద్దిమందిలో విడవకుండా నీళ్ళ విరేచనాలు పట్టుకుని, మనిషి బాగా చిక్కిపోతాడు. 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు 22 మందిలో దీన్ని గుర్తించి రాశారు, 2013లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అరుదే. కానీ బరువు తగ్గడం, విరేచనాలు చూసి ఇంట్లోవాళ్ళు క్యాన్సరేమోనని హడలిపోతారు. డాక్టర్ దగ్గర ఈ మాత్ర పేరు తప్పకుండా చెప్పండి. కారణం అదే అయితే, మందు మారిస్తే తగ్గుతుంది.

రెండోది కొలనోస్కోపీ ముందు రోజు. పేగు కడగడానికి తాగించే మందుల్లో రెండు రకాలు ఎక్కువ వాడతారు. ఒకటి పాలిథిలీన్ గ్లైకాల్ పొడి, లీటర్లకి లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలి. ఇంకోటి సోడియం ఫాస్ఫేట్, కొంచెమే తాగితే చాలు కాబట్టి చాలామంది అదే కావాలంటారు. ప్రిల్, సార్టన్, నీరు మాత్రలు వాడేవాళ్ళకి ఈ రెండో రకంతో కిడ్నీలు దెబ్బతినే ముప్పు ఉందని 2008లోనే ఎఫ్‌డీఏ గట్టిగా హెచ్చరించింది. కాబట్టి పరీక్షకి పేరు రాయించేటప్పుడే "నేను ఫలానా బీపీ మాత్ర వాడుతున్నాను, నాకు ఏది ఇస్తున్నారు? ఆ రోజు పొద్దున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి?" అని అడిగి, సమాధానం కాగితం మీద రాయించుకోండి.

మూడోది కీమో. పెద్దపేగు క్యాన్సర్ ఇతర భాగాలకి పాకినప్పుడు కొందరికి కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. అమెరికాలో 2004 నుంచి వాడకంలో ఉంది. గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేస్తుంది, ఆ పనిలోనే బీపీని పెంచుతుంది. ప్రతి డోసు ముందూ బీపీ చూస్తారు, మరీ ఎక్కువుంటే ఆ రోజు ఇంజెక్షన్ వాయిదా వేస్తారు. మన వాళ్ళకి ఒక అలవాటు ఉంది: పరగడుపున రక్త పరీక్ష అనగానే బీపీ మాత్ర కూడా మానేసి వెళ్తారు. తీరా అక్కడ బీపీ 170 చూపిస్తుంది, తిప్పి పంపిస్తారు, వారం వృథా. పరగడుపుకీ గుక్కెడు నీళ్ళతో వేసుకునే బీపీ మాత్రకీ చాలావరకు విరోధం లేదు. ముందే అడిగి తెలుసుకోండి. ఇంట్లో మెషిన్ కొనుక్కుని, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో పెట్టి చూసి, ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

నాలుగోది మా అక్క కథ.

అక్కది వినుకొండ. ఆపరేషన్‌లో గడ్డ తీసేసి, అతుకు మానేదాకా చిన్నపేగు కొసని పొట్ట మీదకి తెచ్చి బ్యాగ్ పెట్టారు. కొద్ది నెలలకే మూసేస్తామన్నారు. ఇంటికి పంపేటప్పుడు కాగితంలో చివరి లైను, "పాత మందులు కొనసాగించండి." పాత మందు అంటే టెల్మిసార్టన్ హెచ్. నా షాపులోంచే నేనే పంపాను.

ఏప్రిల్ నెల. బ్యాగ్ రోజుకి తొమ్మిది పదిసార్లు ఖాళీ చేయాల్సి వస్తోందని బావ ఫోన్‌లో అన్నాడు. ఎండలకి అలా ఉందేమో, నీళ్ళు బాగా తాగించండి అన్నాను. మంచినీళ్ళు తాగించారు, పూటకో కొబ్బరి బోండాం కొట్టిచ్చారు. నాలుగో రోజు పిక్కలు పట్టేస్తున్నాయంది. ఐదో రోజు మంచం దిగబోయి కూలబడింది. బీపీ 90/60. ఆ రోజు పొద్దున కూడా మాత్ర వేసుకుంది, ఒక్క రోజు మానలేదు. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 నుంచి 3.1కి వెళ్ళింది, పొటాషియం కూడా ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 6.1.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. బ్యాగ్‌లోకి నీళ్ళూ ఉప్పూ కలిసి పోతున్నాయి. పైనుంచి నీరు మాత్ర ఇంకాస్త ఉప్పునీ నీటినీ బయటికి తోస్తోంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తోసే ఒత్తిడిని నిలబెట్టేది యాంజియోటెన్సినే. టెల్మిసార్టన్ దాన్ని అడ్డుకుంది. ఉత్త మంచినీళ్ళు ఎక్కువ తాగితే ఇలాంటి బ్యాగ్‌లో ఉప్పు ఇంకా ఎక్కువ కొట్టుకుపోతుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టన్ పొటాషియంని బయటికి పోనివ్వకుండా ఒంట్లోనే ఆపుతుంది, కిడ్నీలు మందగించి ఉన్న దాన్ని పంపలేకపోయాయి. మనం మంచిదని చేసిన ప్రతి పనీ ఆమెకి ఎదురు తిరిగింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించి, మాత్ర ఆపితే కిడ్నీలు దారికొచ్చాయి. మందుల గురించే బతుకుతున్నవాణ్ణి, ఆ ముడి నాకు ముందే తట్టాల్సింది. ఆ ఫోన్‌కాల్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బ్యాగ్ ఉన్నా, కీమో మాత్రలతో విరేచనాలు పట్టుకున్నా ఇలా చేయండి. ఇంటికి వచ్చే రోజే డాక్టర్ని అడగండి: "విరేచనాలు, వాంతులు ఎక్కువైతే ఈ బీపీ మాత్రల్లో ఏది ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?" చాలావరకు ప్రిల్, సార్టన్, నీరు మాత్రలని ఆ నాలుగు రోజులూ ఆపమంటారు, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక మళ్ళీ వేసుకోమంటారు. మీ మనిషికి ఏది వర్తిస్తుందో వాళ్ళ నోటే విని రాసుకోవాలి. బ్యాగ్ ఖాళీ చేసేటప్పుడు లీటరు కొలత గీతలున్న మగ్గులో పోసి, ఎంత వచ్చిందో రాయండి. వాసన చూసి మొహం తిప్పుకునే పని కాదు ఇది, బావ ఆ మగ్గుతోనే అక్కని తర్వాత కాపాడుకున్నాడు. రోజుకి లీటరున్నర దాటితే సాయంత్రం దాకా ఆగకుండా ఫోన్ చేయండి. మూత్రం తగ్గినా, టీ రంగులోకి మారినా, లేవగానే కళ్ళు తిరిగినా కూడా. తాగడానికి ఓఆర్ఎస్, పెద్ద ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్ళలో. గ్లాసుకి చిటికెడు వేసుకుని తాగితే పనిచేయదు. కొబ్బరి నీళ్ళు క్రియాటినిన్, పొటాషియం చూశాకే.

మాత్ర చూడనిది మీరు చూడాలి

బాబాయ్‌కి లెక్కంతా చెప్పాక, ఎందుకో అడగాలనిపించి అడిగాను. "పేగు క్యాన్సర్ మీద అంత దిగులు పట్టుకుందేంటి బాబాయ్, ఏమన్నా ఇబ్బందిగా ఉందా?" ఆయన షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం పడుతోందిరా. మొలలే లే. నాలుగు నెలలైంది. పైల్స్ వైద్యం చేసే ఆయన దగ్గర లేపనం తెచ్చుకున్నా."

మా అక్క కూడా సరిగ్గా ఈ మాటే అంది. ఏడు నెలలు మొలలే అంది.

మొలలున్నవాళ్ళకి క్యాన్సర్ రాకూడదని లేదు. రక్తం పడటం, మోషన్ అలవాటు మారి వారాలు గడిచినా దారికి రాకపోవడం, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉందనిపించడం, కారణం లేకుండా రక్తహీనత, బరువు తగ్గడం. వీటిలో ఏది ఉన్నా లేపనంతో సరిపెట్టకండి, ఐరన్ మాత్రలు మాత్రమే కొనుక్కుని వెళ్ళకండి. వేలితో పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. సిగ్గుపడి ఆలస్యం చేసేది మగవాళ్ళు కూడా, ఆడవాళ్ళే అనుకోవద్దు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, ఏ ఇబ్బందీ లేకపోయినా 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి వచ్చిన వయసుకి పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించుకోమంటారు. అక్క తర్వాత నేనూ చేయించుకున్నాను. ఉప్పుప్పగా ఉండే ఆ నీళ్ళు తాగడమే కష్టం, పరీక్ష జరిగినట్టే తెలియలేదు. ఒక పాలిప్ ఉంటే అక్కడికక్కడే తీసేశారు. క్యాన్సర్‌గా మారకముందే దాన్ని తీసేయగలిగేది ఈ పరీక్షే. అలా చేయగలదని ఏ బీపీ మాత్ర గురించీ ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

బాబాయ్‌కి గురువారం కొలనోస్కోపీ. నిన్న సాయంత్రం పిన్నిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనదీ టెల్మిసార్టన్ హెచ్చే. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూసి, పాలిథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చాను. బుధవారం మధ్యాహ్నం నుంచి ఏ గంటకి ఎన్ని గ్లాసులు తాగాలో, గురువారం పొద్దున ఏ మాత్ర ఆపమన్నారో, ఇంటికొచ్చాక ఎప్పుడు మొదలుపెట్టమన్నారో పెద్ద అక్షరాలతో రాసి, పిన్ని చేతికిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది.